బాల్ పైథాన్‌కి చలికాలంలో వేడి, తేమ: మీటరు 70 అంటోంది, కుబుసం మాత్రం ముక్కలైంది

మంచుపల్లె (మినియాపోలిస్)

అందరికీ నమస్కారం. నేనిక్కడ కొత్త. వేసవిలో ఒక బాల్ పైథాన్‌ని (చిన్న జాతి కొండచిలువ) తెచ్చుకున్నాను, ఏడాది వయసుంటుంది, పేరు చుక్క. చాలా నెమ్మదస్తురాలు. ఎండలున్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. ఇప్పుడు బయట మైనస్ 15 నడుస్తోంది, ఇంట్లో హీటర్ రాత్రీపగలూ తిరుగుతూనే ఉంది. మొన్న కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది. అంతకుముందు తల నుంచి తోక దాకా ఒకే పొరగా వచ్చేది. ఎడమ కన్ను ఇంకా మసగ్గానే కనిపిస్తోంది.

నా దగ్గరున్నవి: 40 గ్యాలన్ల గాజు ట్యాంకు, పైన జాలీ మూత. ఒక పక్క అడుగున హీట్ మ్యాట్. రాత్రిళ్లకి ఎర్ర బల్బు. అద్దానికి అంటించిన ముల్లు మీటర్లు రెండు, ఒకటి వేడికి, ఒకటి తేమకి. షాపువాళ్లు ఇదంతా కలిపి ఒకే కిట్‌గా ఇచ్చారు. తేమ మీటరు 70 శాతం చూపిస్తోంది. 70 ఉంటే కుబుసం ఇలా ఎందుకు ఊడుతుంది?

ఇంకో సంగతి, సంక్రాంతికి అమ్మ వస్తోంది. నేను ఆఫీసుకి పోయాక ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటుంది. కాబట్టి ఏం పెట్టినా నిప్పు భయం లేకుండా ఉండాలి.

పుట్టమన్ను (లెస్టర్)

రా తమ్ముడూ. ఇది చదవగానే రెండు పనులు చెయ్యి. మ్యాట్‌కి థర్మోస్టాట్ (వేడి మనం పెట్టిన హద్దుకి చేరగానే కరెంటు ఆపే పరికరం) లేకపోతే ఇప్పుడే ప్లగ్గు పీకెయ్. కంటి మీద పొరని గోరుతోగానీ ట్వీజర్‌తోగానీ లాగొద్దు.

తర్వాత ఇవి చెప్పు. చుక్క రోజులో ఎక్కువసేపు ఎక్కడ పడుకుంటోంది? దూరి దాక్కునే గూళ్లు ఎన్ని, ఏ పక్కన? అడుగున ఏం పరిచావు, ఎంత మందం? మ్యాట్ పైన గాజు ఎంత వేడిగా ఉందో ఎప్పుడైనా కొలిచావా? అద్దానికి అంటించిన మీటరు చెప్పేది ఆ అద్దం దగ్గర గాలి సంగతి, అదీ సరిగ్గా పనిచేస్తుంటే. పాము పడుకునే చోట ఎంత ఉందన్నదే మనకి కావాలి.

గన్నవరం_వెట్ (మెల్‌బోర్న్)

పుట్టమన్ను గారు కన్ను గురించి చెప్పింది అక్షరాలా పాటించండి. పాముకి కనురెప్పలు ఉండవు. కంటిని కప్పి పారదర్శకమైన పొలుసు ఒకటి ఉంటుంది, కుబుసంతో పాటు దాని పైపొర కూడా ఊడిపోవాలి. ఊడకుండా నిలిచిపోయిన పొరని లాగితే కింద ఉన్న అసలు పొలుసు దెబ్బతింటుంది, కన్నే పోవచ్చు. తేమ సరిచేస్తే చాలాసార్లు తర్వాతి కుబుసంతో అదే పోతుంది. రెండో కుబుసానికీ పోకపోతే సరీసృపాలు చూసే వెట్‌కి చూపించండి. అమెరికాలో సరీసృపాల, ఉభయచరాల పశువైద్యుల సంఘం వాళ్ల సైట్లో ఊరి పేరు కొడితే దగ్గర్లో ఉన్నవాళ్లు దొరుకుతారు.

ఇక్కడ ఆస్ట్రేలియాలో బయటి దేశాల పాముల్ని ఇంట్లో పెంచనివ్వరు. నా దగ్గరికొచ్చేవి కార్పెట్ పైథాన్లు. కానీ కాలిన పొట్టలు, ముక్కలైన కుబుసాలు వాటిలోనూ ఇవే.

మంచుపల్లె

అక్కా, థర్మోస్టాట్ లేదు. ప్లగ్గు తీసేశాను.

ఆఫీసులో సర్వర్ గదికి వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంటే అడిగి తెచ్చాను. కొబ్బరి పొట్టు పైన కొలిస్తే 28 డిగ్రీలు. బాగానే ఉంది కదా అనుకుని వేలితో పొట్టు పక్కకి జరిపి గాజు మీద కొలిచాను, 47 చూపించింది. చుక్క సరిగ్గా అక్కడే పొట్టు తవ్వుకుని పడుకుంటోంది. ఎత్తి పొట్ట చూస్తే మూడు నాలుగు పొలుసులు గులాబీ రంగుకి తిరిగాయి. బొబ్బలు లేవు.

గూడు ఒకటే, మ్యాట్ పక్కన ఉంది. చల్లటి పక్క నీళ్ల గిన్నె తప్ప ఏమీ లేదు.

గన్నవరం_వెట్

ఆలస్యం చెయ్యకుండా చూపించండి. గులాబీ రంగు కుబుసానికి ముందు కూడా రావచ్చు, కానీ మీ చుక్క ఇప్పుడే విడిచింది, పైగా 47 డిగ్రీల గాజు మీద పడుకుంది. కాలిన గాయం మొదట్లో ఇలాగే ఉంటుంది, కొన్ని రోజులకి గోధుమ రంగుకి తిరిగి బొబ్బలెక్కుతుంది. వెట్ చూసేదాకా పొట్టు తీసేసి తెల్ల పేపర్ టవల్ పరవండి, రోజూ మార్చండి. పసుపు, కొబ్బరి నూనె, వెన్న, టూత్‌పేస్టు ఏవీ రాయొద్దు. మన ఇళ్లలో చెయ్యి కాలితే ఇవే గుర్తొస్తాయి కాబట్టి ముందే చెబుతున్నాను.

కాలుతుంటే లేచి పోదా అని చాలామంది అడుగుతారు. బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, చీకట్లో ఎలుక ఎక్కడుందో వాటితో కనిపెడుతుంది. అంత సున్నితమైన జీవి కూడా పొట్ట కింద మెల్లగా పెరిగే వేడికి వెంటనే కదలదు. ఇక ట్యాంకులో మిగతా భాగమంతా చల్లగా ఉండి, దూరడానికి గూడు వేడి పక్కనే ఉంటే అది అక్కడే ఉండిపోతుంది. భయం లేకుండా దాక్కోవడమో, సరైన వేడో, రెంట్లో ఒకటే ఎంచుకోమంటే పాము దాక్కోవడాన్నే ఎంచుకుంటుంది. అందుకే వేడి పక్క ఒకటి, చల్లటి పక్క ఒకటి, ఒకే రకం గూళ్లు రెండు పెట్టాలి.

ఫ్యూజువైరు (డాలస్)

నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్‌ని, ఇంట్లో మూడు పాములున్నాయి. నిప్పు భయం గురించి అడిగావు కాబట్టి నేను చెబుతాను, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదువు.

మొదట కొనాల్సింది థర్మోస్టాట్, ఆ తర్వాతే హీటర్. థర్మోస్టాట్ లేని హీటర్‌కి ఆగడం తెలీదు. మ్యాటైనా, బల్బైనా, సెరామిక్ హీటరైనా అంతే. థర్మోస్టాట్లు మూడు రకాలు. ఆన్-ఆఫ్ రకం మ్యాట్లకీ సెరామిక్ హీటర్లకీ సరిపోతుంది. పల్స్ రకం (విడతలు విడతలుగా కరెంటు పంపేది) కూడా వాటికే, ఇంకొంచెం నిలకడగా ఉంచుతుంది, కానీ వెలుగిచ్చే బల్బులకి పెడితే మినుకు మినుకుమంటాయి. డిమ్మింగ్ రకం (కరెంటుని మెల్లగా తగ్గిస్తూ పెంచుతూ ఉండేది) హాలోజెన్‌కీ, డీప్ హీట్ ప్రొజెక్టర్‌కీ, సెరామిక్‌కీ పనికొస్తుంది. ధర ఎక్కువే, కానీ పెట్టగలిగితే అదే పెట్టు.

మీ చలికి మ్యాట్ ఒక్కటే చాలదు. మ్యాట్ గాజుని వేడి చేస్తుంది తప్ప గాలిని వేడి చెయ్యదు. పొట్టు మందంగా పరిస్తే వేడి కిందే చిక్కుకుని గాజు పగిలిన సందర్భాలూ ఉన్నాయి. పైనుంచి వేడి ఇవ్వు. సెరామిక్ హీటర్‌గానీ డీప్ హీట్ ప్రొజెక్టర్‌గానీ తీసుకో, రెండూ వెలుగివ్వవు, రాత్రీ పగలూ ఒకటే నడుస్తుంది. ఎర్ర బల్బు తీసెయ్. ఆ ఎరుపు పాముకి కనపడదని అమ్ముతారు, కనపడుతుంది. రాత్రి చీకటి ఉండాలి.

సెరామిక్ హీటర్ ఒళ్లు విపరీతంగా కాగుతుంది. కాబట్టి డోమ్ (హీటర్ బిగించే గిన్నె లాంటి కప్పు) పింగాణీ హోల్డర్ ఉన్నది మాత్రమే వాడు. ప్లాస్టిక్ హోల్డర్ కరుగుతుంది. క్లిప్పుతో పట్టించే డోమ్‌లని నమ్మొద్దు. క్లిప్పు జారి డోమ్ కార్పెట్ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. జాలీ మీద కూర్చోబెట్టి అటూ ఇటూ కదలకుండా వైరుతో కట్టు. డోమ్ కింద జాలీ కూడా చురుక్కుమంటుంది, పాము పైకి పాకి ముట్టుకునే ఎత్తులో కొమ్మలు పెట్టొద్దు.

ఇక ప్రోబ్, అంటే థర్మోస్టాట్ వైరు చివర వేడిని కొలిచే మొన. ప్రమాదాల్లో చాలా వరకు దీని దగ్గరే మొదలవుతాయి. ప్రోబ్ జారి చల్లటి పక్క పడిందనుకో, థర్మోస్టాట్‌కి ట్యాంకు చల్లగా ఉన్నట్టే తోస్తుంది, హీటర్‌ని ఆపకుండా నడిపిస్తుంది. నీళ్ల గిన్నెలో పడినా అదే జరుగుతుంది. వేడి పక్క గూడు పైన, పాము వీపు ఉండే ఎత్తులో దాన్ని గట్టిగా బిగించు. జిప్ టైతో జాలీకి కట్టు, లేదా సక్షన్ కప్పు క్లిప్పులో పెట్టు. ట్యాంకు లోపల సెల్లోటేపు మాత్రం ఏ రూపంలోనూ వద్దు. పాము దానికి అంటుకుంటే పొలుసులతో సహా ఊడుతుంది.

> గన్నవరం_వెట్: మధ్యలో వస్తున్నాను. ఇప్పటికే టేపు అంటుకుని ఉంటే లాగొద్దు. వంటనూనె రాసి, జిగురు వదిలేదాకా నెమ్మదిగా రుద్దాలి.

అదీ. ఇంకో రెండు విషయాలు. థర్మోస్టాట్ లోపల కరెంటుని కలిపి విడదీసే రిలే ఒక్కోసారి ఆన్‌లోనే అతుక్కుపోతుంది, అప్పుడు సెట్ చేసిన అంకెకి విలువే ఉండదు. అందుకని అవసరానికి మించిన వాటేజీ హీటర్ కొనొద్దు. నువ్వు ఎదురుగా ఉన్న రోజున పాముని వేరే డబ్బాలో ఉంచి, హీటర్‌ని నేరుగా ప్లగ్గులో పెట్టి చూడు. పూర్తి బలంతో నడిచినా పాము ఉండే ఎత్తులో 40 దాటకపోతే ఆ వాటేజీ నీకు సరిపోతుంది. దాటితే తక్కువది తెచ్చుకో. అమ్మ ఒక్కతే ఉంటుందన్నావు కాబట్టి రెండో థర్మోస్టాట్ కూడా పెట్టు, చవకది ఆన్-ఆఫ్ రకం చాలు. గోడ ప్లగ్గులో ముందు అది, దాంట్లో అసలు థర్మోస్టాట్, దాంట్లో హీటర్. అసలుది 32కి పెడితే ఈ కాపలాదాన్ని 36కి పెట్టు. మొదటిది చెడినా రెండోది కరెంటు ఆపుతుంది. దాని ప్రోబ్ విడిగా కట్టాలి, రెండూ ఒకే క్లిప్పులో పెడితే రెండూ కలిసే జారతాయి.

నీళ్లున్న చోట కరెంటు కాబట్టి జిఎఫ్‌సిఐ ప్లగ్గు (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) వాడు. వైరుని ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు వేలాడనిచ్చి మళ్లీ పైకి తీసుకెళ్లి పెట్టు, వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. ఆ గదిలో పొగ అలారం ఉందా? బ్యాటరీ చూసుకో.

మెదక్_మట్టి (కొలంబస్)

ఫ్యూజన్న మస్తు చెప్పిండు. తేమ సంగతి నేను జెప్త. నాది కూడ చలి ఊరే. పొద్దుగాల రెండుసార్లు, మాపటికి రెండుసార్లు స్ప్రే కొడ్త. మీటరు 85 కాడికి పోతది. రెండేండ్ల సంది గిట్లనే నడుస్తున్నది, నా పాముకి ఏం గాలే.

పుట్టమన్ను

మెదక్ తమ్ముడూ, స్ప్రే కొట్టిన గంటకి ఎంత ఉంటోంది, నాలుగు గంటలకి ఎంత ఉంటోంది? ఒకసారి రాసిపెట్టి చూడు.

మెదక్_మట్టి

జూసిన అక్కా. కొట్టంగనే 86. గంటకు 60. మధ్యాహ్నం వరకు 38. గింత పడిపోతదని అనుకోలే, నేను కొట్టంగనే జూసి పోతుంటి.

గన్నవరం_వెట్

అదే సమస్య. పాముకి రోజంతా పొడిగాలి, నాలుగుసార్లు మాత్రం తడి. పొట్టు పైపొర తడిసి ఉంటే పొట్ట కింద పొలుసులకి చెమ్మ పట్టి, సూక్ష్మజీవులు చేరి పొలుసులు కుళ్లుతాయి. తేమ ఎక్కువ కావడం కన్నా, తడి నేల మీద పడుకోవడం వల్లే ఎక్కువ చేటు. తేమకి తోడు చలి కూడా చేరితే ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది. ఊపిరి తీసినప్పుడు చిటపట శబ్దం, ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, తల ఆకాశం వైపు ఎత్తి పెట్టుకోవడం కనిపిస్తే ఆగకండి, వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. పాముకి మనలాగా ఉదరవితానం లేదు, దగ్గి కఫం బయటికి తోసుకోలేదు. అందుకే చిన్న జలుబు అని వదిలెయ్యడానికి లేదు.

పుట్టమన్ను

తేమ గురించి నాకు తెలిసింది రాస్తాను. చలి దేశాల్లో మన పాములన్నిటి బాధా ఇదే.

వేడి, తేమ రెండు వేరు వేరు సమస్యలని అనుకున్నంతకాలం ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. గాలి వేడెక్కేకొద్దీ అది మొయ్యగలిగే నీరు పెరుగుతుంది. 27 డిగ్రీల దగ్గర 75 శాతం ఉన్న గాలిని, ఒక్క చుక్క నీరు కూడా తియ్యకుండా 32కి వేడి చేస్తే మీటరు 56 చూపిస్తుంది. అంటే హీటర్ పెంచినప్పుడల్లా తేమ తగ్గినట్టే. ఇక మినియాపోలిస్ సంగతి చూడు. మైనస్ 15 దగ్గర 80 శాతం తేమ ఉన్న బయటి గాలి నీ ఇంట్లోకొచ్చి 21కి వేడెక్కితే మిగిలేది 6, 7 శాతం. వంట, స్నానాలు, మన ఊపిరి కలిసి దాన్ని కొంచెం పైకి లేపుతాయి, అంతే. అలాంటి గదిలో జాలీ మూత ఉన్న ట్యాంకు పెట్టి, మూత మీద హీటర్ పెడితే వేడిగాలి జాలీలోంచి పైకి పోతూ ఉంటుంది, గదిలోని ఎండుగాలి లోపలికి దిగుతూ ఉంటుంది. నువ్వెన్ని నీళ్లు చల్లినా ఆ దారిలోనే పోతాయి.

ఈ పాము పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల గడ్డి మైదానాల్లో ఎలుక బొరియల్లోనూ చెదల పుట్టల్లోనూ పగలంతా పడుకుంటుంది. అక్కడ ఎండాకాలంలో బయట గాలి పొడిగా, నేల బీటలు వారి ఉంటుంది. పుట్ట లోపల మాత్రం చెమ్మ ఉంటుంది. మన ఊళ్లలో పుట్ట పక్కన గడ్డపార వేసినవాళ్లకి తెలుసు, పైన మట్టి రాయిలా ఉన్నా జానెడు లోతుకి చల్లటి తడి తగులుతుంది. మనం ట్యాంకులో కట్టాల్సింది ఆ పుట్ట లోపలి భాగాన్ని. అంటే పైన పొడి, కింద చెమ్మ, మధ్యలో పాము.

చెయ్యాల్సింది ఇదీ. జాలీలో మూడొంతులు మూసెయ్. డోమ్ ఉన్న చోటూ, ఎదుటి మూల కొంచెమూ తెరిచి ఉంచు, గాలి ఆడాలి. అల్యూమినియం ఫాయిల్ పరిచి అంచులకే టేపు వెయ్యి, జాలీ కన్నాల్లోంచి జిగురు లోపలికి తగలకూడదు. డోమ్ చుట్టూ జానెడు దూరంలో ప్లాస్టిక్ ఏదీ ఉండకూడదు. గాయం మానాక కొబ్బరి పొట్టు, కొబ్బరి ముక్కలు కలిపి నాలుగు అంగుళాల మందం పరువు. మ్యాట్ తీసేస్తున్నావు కాబట్టి మందం ఎంతున్నా భయం లేదు. ఇటుకల్లా నొక్కి అమ్మే ఆ పొట్టులో చాలా భాగం మన దేశం నుంచీ శ్రీలంక నుంచీ వచ్చేదే. నర్సరీల్లో ఎరువు కలిపింది అమ్ముతారు, అది వద్దు. దేవదారు, పైన్ చెక్క పొట్టు అసలే వద్దు, వాటి ఘాటు పాము ఊపిరితిత్తులకి పడదు.

నీళ్లు చల్లొద్దు, పొయ్యి. నాలుగు మూలల్లో గ్లాసుతో మెల్లగా పోస్తే నీరు అడుక్కి దిగుతుంది, పైపొర పొడిగా ఉంటుంది. అడుగు పొట్టుని గుప్పిట పట్టి పిసికితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. నీళ్ల గిన్నె వెడల్పుది పెట్టి వేడి పక్కకి కొంచెం జరుపు. చల్లటి పక్క గూడులో తడిపి పిండిన స్ఫాగ్నం నాచు పెడితే కుబుసం సమయంలో అదే వచ్చి దూరుతుంది. మామూలు రోజుల్లో 60 నుంచి 80 మధ్య ఎక్కడున్నా సరే. కుబుసానికి ముందు కళ్లు నీలంగా, ఒళ్లు మసగ్గా మారినప్పుడు 70 కిందికి పోనివ్వొద్దు.

పొగమంచు యంత్రాలు కొనకు. తొట్టిలో నీరు నిలవుండి సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటినే తీసుకెళ్లి పాము ఊపిరిలోకి వదులుతుంది.

ఇక నీ మీటరు. ఒక మూతలో ఉప్పు పోసి తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కలు చుక్కలుగా నీరు కలుపు. దాన్నీ మీటర్‌నీ కలిపి జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి రాత్రంతా వదిలెయ్. పొద్దున్నకి 75 చూపించాలి. ఉప్పు ముద్ద మీద గాలిలో తేమ 75 దగ్గరే నిలుస్తుంది, అది ప్రకృతి ధర్మం. మీటరు 71 చూపిస్తే నాలుగు తక్కువ చూపిస్తోందని మూత మీద రాసుకో. డిజిటల్‌ది, ప్రోబ్ ఉన్నది తీసుకో.

మెదక్_మట్టి

అక్కా, నీళ్లు మూలలల్ల పోసుడు ఇయ్యాలనే షురూ జేస్త. జాలీ కూడ మూస్త. శాన మంచి మాట జెప్పినవ్.

కృష్ణలంక (విజయవాడ)

అందరికీ నమస్తే. చదువుతుంటే ఆసక్తిగా ఉంది. మా దగ్గర చలి బాధే లేదు కదా, ఇక్కడైతే పాముని పెంచడం తేలిక అనుకుంటా. మా బంధువుల పొలంలో రెండు తలల పాము కనపడింది. దాన్ని తెచ్చి ఇలా ట్యాంకులో పెట్టుకుంటే ఏం ఏర్పాట్లు చెయ్యాలి?

మోడరేటర్

కృష్ణలంక గారూ, దయచేసి తేవొద్దు. మన దేశపు పాముల్ని పట్టడం, ఇంట్లో ఉంచడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం. రెండు తలల పాము అంటే ఎర్ర మన్నుపాము. తోక మొద్దుగా ఉంటుంది కాబట్టి రెండో తల అనుకుంటారు. దానికి లక్షల విలువ, అదృష్టం అని చెప్పే ముఠాల వల్ల ఆ జీవి చిత్రహింసలు పడుతోంది. పొలంలో ఉంటే ఎలుకల్ని తింటుంది, అక్కడే ఉండనివ్వండి. ఇంట్లోకి వస్తే అటవీ శాఖకి ఫోన్ చెయ్యండి.

ఈ వేదికలో మన దేశంలోని సభ్యులు మాట్లాడేది బయటి దేశాల జాతుల గురించే. వాటిలో కూడా బాల్ పైథాన్ లాంటి, ఆ చట్టం నాలుగో షెడ్యూలులో ఉన్న జాతులకి 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి.

కృష్ణలంక

అర్థమైందండీ. మా బావకి కూడా చెబుతాను, ఎవరో కొంటామని తిరుగుతున్నారట.

సాగరతీరం (విశాఖపట్నం)

కృష్ణలంక గారూ, మన దగ్గర తేలిక అన్నారు కదా, ఆ మాటకి జవాబు చెబుతాను. నా దగ్గర నమోదు చేయించిన బాల్ పైథాన్ ఉంది. మనకి హీటర్ పని ఏడాదిలో కొన్ని వారాలే, అదీ రాత్రిళ్లు. అసలు కష్టం మే నెల. మీ విజయవాడలో, రెంటచింతల వైపు 45 దాటే రోజులుంటాయి. ట్యాంకులో గాలి 35 దాటి గంటల తరబడి ఉంటే బాల్ పైథాన్ ప్రాణానికే ముప్పు. చలికి పాము మందగిస్తుంది, మనకి కొంత టైముంటుంది. వడదెబ్బకి టైముండదు. నోరు తెరిచి కొట్టుకుంటుంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

నేను చేసేది చెబుతాను. ట్యాంకు డాబాకి సరిగ్గా కింద ఉండే పై అంతస్తు గదిలో పెట్టను, కింది అంతస్తులో ఉత్తరపు గోడకి పెడతాను. ఏసీ 26, 27 దగ్గర ఉంచుతాను. ఏసీ గాలి ఎండుది, కాబట్టి వేసవిలో కూడా తేమ చూసుకోవాలి, సముద్రం పక్కనున్నాం కదా అని వదిలెయ్యకూడదు. కరెంటు పోతే ఫ్రీజర్లో గడ్డకట్టించి ఉంచిన నీళ్ల సీసాలకి గుడ్డ చుట్టి ట్యాంకు బయట, గాలి కన్నాల దగ్గర ఆనిస్తాను. లోపల పెట్టను. మిద్దె మీద తడి గోనెసంచులు పరుస్తాను.

ఇంకో మాట. థర్మోస్టాట్ ఇక్కడ కొనేటప్పుడు 230 వోల్టులకి పనిచేసేదేనా అని చూసుకోండి. అమెరికాలో చుట్టాల చేత తెప్పించుకున్నవి 120 వోల్టులవి అయితే ఇక్కడ పెట్టగానే కాలిపోతాయి.

మంచుపల్లె

మళ్లీ వచ్చాను. వెట్‌కి చూపించాను. మొదటి స్థాయి కాలిన గాయమే అన్నారు, ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. పేపర్ టవల్ మీదే ఉంది. గులాబీ రంగు తగ్గుతోంది.

పాత ముల్లు మీటర్‌ని ఉప్పు కవర్లో పెట్టాను, పొద్దున్నే 70. బయటికి తీసి కిటికీ పక్కన పెట్టాను, అప్పుడూ 70. వేలితో కొడితే ముల్లు కొంచెం ఊగి మళ్లీ 70 దగ్గరే ఆగింది. కొత్త డిజిటల్‌ది ఉప్పు కవర్లో 73 చూపించింది. దాన్ని ట్యాంకులో పెడితే 31. ఇన్నాళ్లూ చుక్క 31 శాతంలో బతికిందన్నమాట.

జాలీ మూశాను. డిమ్మింగ్ థర్మోస్టాట్, సెరామిక్ హీటర్, కాపలా థర్మోస్టాట్ పెట్టాను. పొట్టు ఇంకా పరవలేదు కాబట్టి తడి నాచు గూళ్లు రెండు పెట్టాను. ఇప్పుడు వేడి పక్క గూడు పైన 32, చల్లటి పక్క 25, తేమ 58. నిన్న మొదటిసారి చల్లటి పక్క గూట్లో పడుకుంది. అది చూసి చాలా సంతోషమేసింది.

రెండు ప్రశ్నలు. అమ్మ వీడియో కాల్‌లో చూసి "పాపం చలికి ట్యాంకు మీద దుప్పటి కప్పు" అంటోంది. వచ్చాక నేను లేనప్పుడు కప్పేస్తుందేమోనని బెంగ. ఇక్కడ మంచు తుఫానుల్లో కరెంటు పోతుంటుంది, అప్పుడేం చెయ్యాలి?

ఫ్యూజువైరు

దుప్పటి విషయం అమ్మకి ఇప్పుడే ఫోన్లో చెప్పు, వచ్చేదాకా ఆగొద్దు. సెరామిక్ హీటర్ ఉన్న డోమ్ మీద బట్ట పడితే అంటుకుంటుంది. ఊరికే వద్దంటే ప్రేమ కొద్దీ కప్పేస్తుంది, కాబట్టి ఆవిడకి వేరే పని అప్పగించు. వెనక అద్దానికీ పక్క అద్దాలకీ బయటివైపు థర్మోకోల్ షీట్లు ఆనించి ఉంచు, చలి ఆగుతుంది, హీటర్‌కీ దూరంగా ఉంటాయి. "అమ్మా, దుప్పటికి బదులు ఇవి పెట్టాను, మధ్యాహ్నం ఈ రెండు అంకెలు చూసి నాకు మెసేజ్ పెట్టు" అను. 36 కనపడితే ఏ ప్లగ్గు తియ్యాలో దానికి ఎర్ర దారం కట్టి చూపించు.

కరెంటు సంగతి మాకు బాగా తెలుసు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి టెక్సాస్‌లో లక్షల ఇళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. ఇక్కడ పెంపకందార్లు అప్పుడు వాడిన పద్ధతి చెబుతాను. మూతున్న థర్మోకోల్ పెట్టెకి నాలుగు కన్నాలు పెట్టు. పాముని దిండు గలీబులో వేసి మూతి కట్టి దాంట్లో ఉంచు. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, తువ్వాలు రెండు మడతలు చుట్టి పక్కన పెట్టు. మరిగే నీళ్లు పొయ్యొద్దు. చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లు వాడితే సాక్సులో వేసి పెట్టె బయట ఆనించు. అవి లోపలి ప్రాణవాయువుని వాడేసుకుంటాయి, ఒక్కోసారి ఎక్కువ కాలుతాయి కూడా. డిజిటల్ మీటరు ప్రోబ్ లోపల ఉంచి 24 నుంచి 28 మధ్య చూసుకో.

ఇంట్లో బొగ్గు కుంపటిగానీ గ్రిల్‌గానీ వెలిగించొద్దు. గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి ఉంచొద్దు. ఆ తుఫానులో చలికంటే ముందు కార్బన్ మోనాక్సైడ్‌తో పోయిన కుటుంబాలున్నాయి.

గన్నవరం_వెట్

కరెంటు పోయే సూచన ఉంటే ఆ వారం మేత పెట్టకండి. కడుపులో ఎలుక ఉండగా ఒళ్లు చల్లబడితే అరగదు, కక్కేస్తుంది, ఆ కక్కడం దాన్ని బాగా నీరసపెడుతుంది. ఖాళీ కడుపుతో ఉన్న ఆరోగ్యమైన పాము కొన్ని రోజుల చలిని తట్టుకుంటుంది.

మంచుపల్లె

అమ్మకి చెప్పాను. ఎర్ర దారం ఆలోచన ఆవిడకి నచ్చింది, దేవుడి దగ్గర దారం తెస్తానంది. పుట్టలో పాలు పోసినట్టు దీనికీ పాలు పెడతావా అని అడిగింది.

పుట్టమన్ను

పాలు వద్దని చెప్పు, పాముకి పాలు అరగవు. నీళ్లు మాత్రం రోజూ మార్చమను, ఆ పని ఆవిడకి నచ్చుతుంది.

58 అన్నావు కదా, పొట్టు పరిచాక దానంతటదే 65, 70కి లేస్తుంది, ఇప్పుడు తొందరపడి ఏమీ చెయ్యకు. రాత్రి వేడి పక్క 29కి తగ్గించుకోవచ్చు, చల్లటి పక్క 24 కిందికి పోకుండా చూడు. పొట్ట మానిందని వెట్ చెప్పాకే పొట్టు పరువు. వేడి, తేమ వారం రోజులు కదలకుండా నిలిచాక మేత పెట్టు, ఎప్పుడూ పెట్టేదానికంటే చిన్న ఎలుక. తిన్నాక రెండు రోజులు చేతుల్లోకి తియ్యొద్దు. నెలకోసారి గన్‌తో గూడు లోపల నేల, గూడు పైభాగం, డోమ్ కింద జాలీ మూడు చోట్లా కొలువు. ప్రోబ్ చెప్పే అంకెకీ గన్ అంకెకీ తేడా పెరుగుతుంటే ప్రోబ్ జారిందని అర్థం.